బండ్లు రాని రోడ్డు కోసం

ఖాళీ రోడ్లు వెతుక్కుంటూ కెనడాలోని రెజైనా నుంచి ఫ్రాన్స్ వెళ్దామనుకున్నవాళ్ళు ఈ ప్రపంచంలో మేమిద్దరమే అయ్యుంటాం. రెజైనా తెలిసినవాళ్ళకి ఇందులోని తెలివితేటలు వెంటనే బోధపడతాయి. ఊరు దాటి కాస్త దూరం కారు నడిపితే ఇక ఆకాశం, గోధుమ చేలు, వాటి మధ్య స్కేలు పెట్టి గీసినట్టు ఒక రోడ్డు. ఆ రోడ్డు మీద ఎదురుగా బండి వస్తే డ్రైవర్లిద్దరూ చెయ్యెత్తి పలకరించుకుంటారు, మనిషి మొహానికి అంత కరువు. అలాంటి చోట కాపురం చేస్తూ, రిటైరయ్యాక నేను మధ్యాహ్నాలన్నీ కంప్యూటర్ ముందు కూర్చుని ఫ్రాన్సు పల్లెల్లో బండ్లు తిరగని సైకిలు దారులు ఏమేం ఉన్నాయా అని చూసేదాన్ని.

నాకు సైకిలు మీద మోజేమీ లేదు. కాకినాడలో కాలేజీకి తొక్కాను, ఇక్కడ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినన్నాళ్ళూ కారెక్కాను, రెండిటికీ తేడా ఏమిటంటే ఒకదానికి గాలి కొట్టాలి, ఇంకోదానికి పెట్రోలు కొట్టాలి. నా మోజు మా ఆయనతో మాట్లాడటం మీద.

మా ఆయన హైవే డిపార్ట్‌మెంట్‌లో ఇంజనీరుగా చేశారు. ఉద్యోగమంతా రోడ్డు రోలర్ల పక్కన, కంకర మిషన్ల పక్కన నిలబడి, చెవులకి ఏమీ పెట్టుకోకుండా, ఆ గోలకి మించి అరుస్తూ గడిపారు. రిటైరయ్యేసరికి చెవులు కూడా రిటైరయ్యాయి. పరీక్ష చేసినావిడ నన్ను పక్కకి పిలిచి, చుట్టూ సందడి ఉంటే ఈయనకి మాటలన్నీ కలగాపులగం అయిపోతాయనీ, నిశ్శబ్దంగా ఉన్నచోట పక్కనే ఉండి మాట్లాడితే ఇంకా బాగానే వినపడుతుందనీ చెప్పింది. "ఇంకా" అన్న ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎన్నాళ్ళు అని అడిగితే, చెప్పలేం అంది.

చెవికి పెట్టుకునే మిషన్లు ఇచ్చింది. పెట్టుకుని వారం తిరిగారు. ఆ వారంలో ఆయనకి ఫ్రిజ్ చప్పుడు, వంటింట్లో మిక్సీ, నేను గిన్నెలు సర్దడం, అన్నీ ఒకేసారి వినపడ్డాయి. "ఇన్నాళ్ళూ ఇంత గోల నా దాకా రాకుండా ఏ దేవుడు కాపాడాడోయ్!" అని తీసి సొరుగులో పడేశారు. అసలు కారణం గోల కాదని నాకు తెలుసు. అవి పెట్టుకుంటే ముసలాయన అంటారని ఆయన భయం. మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగుతున్నప్పుడు మాత్రం ఆ భయం ఉండేది కాదు.

అరిచి చెప్పదగ్గ మాటలు ఎంత తక్కువో నాకు అప్పుడే తెలిసింది. "అన్నం చల్లారిపోతోంది" అని అరవచ్చు. "మాత్ర వేసుకున్నారా" అని అరవచ్చు. కానీ "మీ చెల్లెలు ఫోన్లో మళ్ళీ ఆ నెక్లెసు సంగతి ఎత్తింది" అని గొంతు చించుకుని ఎలా చెప్తాం? చాడీ అన్నది చెవిలో చెప్పుకోవలసిన వస్తువు. "పొద్దున్న ఎందుకో మా అమ్మ గుర్తొచ్చింది" అనే మాట వంటింట్లోంచి హాల్లోకి అరిస్తే, అక్కడికి చేరేసరికి అందులో ఏమీ మిగలదు. అలా మా సంసారంలో ఆజ్ఞలు మిగిలి కబుర్లు పోయాయి. ఒకప్పుడు నా కబుర్లంటే చెవి కోసుకున్న మనిషి ఆయన.

పడమటి తీరాన సర్రీలో ఉన్న మా అమ్మాయితో మొర పెట్టుకుంటే, "జస్ట్ టెక్స్ట్ హిమ్, అమ్మా" అంది. అదీ చేసి చూశాను. వంటింట్లోంచి సోఫాకి, అమ్మ గుర్తొచ్చిందని మెసేజ్ పంపాను. సోఫాలోంచి బొటనవేలు వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఊరి మీదకి స్టూడెంట్లు వచ్చి పడ్డారు. కాలేజీలు సీట్లు పెంచుకుంటూ పోయాయి, మనవాళ్ళు బేస్‌మెంట్లలో మంచాలు పెంచుకుంటూ పోయారు. తెలుగువాళ్ళింట్లో బేస్‌మెంట్ ఖాళీగా ఉందంటే ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదేమో అని కనుక్కునే కాలం అది. మా కింద ముగ్గురు కుర్రాళ్ళు దిగారు, ఇద్దరిది తెలంగాణ, ఒకరిది ఒంగోలు. ఒకడు తెల్లారకుండా బేకరీ పనికి, ఒకడు సాయంత్రం గ్యాస్ స్టేషన్‌కి, మూడోవాడు ఈ రెండిటి మధ్య క్లాసులకి వెళ్ళేవాడు. కాబట్టి కుక్కరు ఏ వేళనైనా కూసేది. పిల్లలు మాత్రం బంగారాలు. "ఆంటీ, సౌండ్ ఎక్కువైతున్నదా? మొహమాటపడకుండ చెప్పండి ఆంటీ!" అని కరీంనగర్ అబ్బాయి తరచూ అడిగేవాడు, కింద నుంచి అరిచి.

ఇంట్లోనే అనుకుంటే బయటా అంతే. మేం వచ్చిన కొత్తలో ఊళ్ళోని తెలుగువాళ్ళందరూ ఒకరి డ్రాయింగ్ రూమ్‌లో సరిపోయేవాళ్ళం. ఒకరు మాట్లాడితే అందరం వినేవాళ్ళం, వేరే దారి లేక. ఇప్పుడు హాలు, స్టేజీ, డీజే, కుర్చీలు మడతపెట్టడానికి వాలంటీర్లనే పేరుతో స్టూడెంట్లు. ఆ హోరులో మా ఆయన ముందు వరసలో కూర్చుని, ఎవరేం చెప్పినా చిరునవ్వుతో తల ఊపేవారు. "సార్ ఎంత శ్రద్ధగా వింటారండీ" అని పేరొచ్చింది. తెలుగు అసోసియేషన్‌లో గొడవొస్తే రెండు పక్షాలవాళ్ళూ వచ్చి ఆయనకే చెప్పుకునేవారు. ఆయన ఇద్దరికీ తల ఊపేవారు. సార్ మా వైపేనని ఇద్దరూ చెప్పుకుని తిరిగేవారు. ఊరందరికీ పెద్దమనిషి అయ్యారు, నాకు మాత్రం మొగుడు దొరకడం మానేశాడు.

మరి రెజైనా చుట్టూ ఖాళీ రోడ్లున్నాయి కదా అంటారేమో. ఉన్నాయి, వాటి మీద గాలి కూడా ఉంది. మా దగ్గర గాలి వీచదు, దాడి చేస్తుంది. నోరు తెరిస్తే మాట పక్క మనిషికి అందకుండా నేరుగా పక్క రాష్ట్రం మానిటోబా వెళ్ళిపోతుంది. ఒకసారి ఆయన్ని ఊరి బయటికి నడకకి తీసుకెళ్ళి చూశాను. ఇద్దరం తలలు వంచుకుని, దేశం విడిచిపోతున్నవాళ్ళలా నడిచి తిరిగొచ్చాం.

అప్పుడు కంటపడ్డాయి ఫ్రాన్సు దారులు. వెనకటి కాలంలో పడవల్ని గుర్రాలతో లాగించిన కాలవ గట్లు, రైళ్ళు ఆగిపోయాక పట్టాలు పీకేసి చదును చేసిన దారులు, పల్లెకీ పల్లెకీ మధ్య పొలాల్లోంచి పోయే సన్నటి తారు రోడ్లు. రెండు వైపులా చెట్లు కాబట్టి గాలి లేదు. ఎవరో తీసిన వీడియోల్లో చెయిను తిరిగే చప్పుడు, పిట్టల చప్పుడు, అంతే. అన్నిటికన్నా నన్ను పట్టేసిన సంగతి ఒకటుంది. బండ్లు వచ్చే రోడ్డు మీద ఒకరి వెనక ఒకరు తొక్కాలి. బండ్లు రాని రోడ్డు మీద పక్కపక్కన తొక్కచ్చు. పక్కపక్కన, ఆయన చెవి నా నోటికి చెయ్యెడు దూరంలో, సందడి లేని చోట, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. "ఇంకా" అన్నది అయిపోకముందే.

మా ఆయనకి చూపిస్తే స్క్రీనులోకి తొంగి చూసి, "రోజుకి ఎన్ని వెహికిల్స్ తిరుగుతాయి?" అన్నారు. ఒక్కటీ తిరగదని చెయ్యి ఊపి చూపించాను. "మరి ఏ డిపార్ట్‌మెంట్‌వాడు శాంక్షన్ చేశాడు దీన్ని?" అని నిజంగా బాధపడ్డారు. అయినా ఒప్పుకున్నారు. సైకిళ్ళు కొనుక్కున్నాం. జూలైకి ప్రయాణం అనుకున్నాం.

ఇక్కడ మనవాళ్ళ ఆచారం ఒకటి చెప్పాలి. మనం తింటుంటే ఎవరైనా వస్తే "రండి, భోంచేద్దురుగాని" అంటాం. ఎక్కడికైనా బయల్దేరుతూ కనిపిస్తే "మీరూ రాకూడదూ?" అంటాం. ఇవి మాటవరసకి అనే మాటలు. అవతలివాళ్ళు "అబ్బే, మీరు కానివ్వండి" అనాలి. తరతరాలుగా ఇద్దరూ ఈ ఒప్పందానికి కట్టుబడి ఉండబట్టే మన దేశంలో మనుషులు ఇంకా ఒకరినొకరు పిలుచుకోగలుగుతున్నారు. కానీ ఇక్కడ ఇన్నేళ్ళుండి మనవాళ్ళు కెనడావాళ్ళ దగ్గర ఒక్కటే నేర్చుకున్నారు, పిలిస్తే వచ్చేయడం.

తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో పులిహోర లైన్లో నిలబడి అసోసియేషన్ ప్రెసిడెంటు గారు, "సమ్మర్ ప్లాన్లేంటి సార్?" అన్నారు. ఆయన ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆపరేషన్లు మానేశాక ఉపన్యాసాలతో ఆ పని చేస్తున్నారు. గొంతు పెద్దది కాబట్టి మా ఆయనకి వినపడింది. "ఫ్రాన్స్, సైకిళ్ళ మీద! మీరూ వచ్చేయండి డాక్టర్‌గారూ" అన్నారు. నేను గరిటె పట్టుకుని ఆ "అబ్బే" కోసం ఎదురుచూశాను.

"వై నాట్ సార్!" అన్నారు డాక్టరు గారు.

మర్నాడు పొద్దున్నే వాట్సాప్‌లో "ఫ్రాన్స్ సైకిల్ యాత్ర" గ్రూపు వెలిసింది. సాయంత్రానికి అందులో ఇరవై మంది పోగయ్యారు. వాళ్ళలో సైకిలు ఉన్నవాళ్ళు కొందరే, గుడ్‌మార్నింగ్ పువ్వులు మాత్రం అందరి దగ్గరా ఉన్నాయి. జెర్సీలు కుట్టించాలన్నారు. ముందువైపు అసోసియేషన్ లోగో, వెనకవైపు స్పాన్సర్లు, అంటే స్టూడెంట్ల పుణ్యమా అని పచ్చగా ఉన్నవాళ్ళందరూ, ఒక ఇమిగ్రేషన్ కన్సల్టెంటు, ఒక బిర్యానీ సెంటరు, బేస్‌మెంట్లకి లైసెన్సులు ఇప్పించే ఒకాయన. వీళ్ళ పేర్లు మోసుకుంటూ మేం ఫ్రాన్సు ఆవుల ముందు నుంచి వెళ్ళాలి.

"వెనకాల ఒక వ్యాను పెట్టుకుందాం మేడమ్ గారూ. రైస్ కుక్కరు, పెరుగు, ఆవకాయ. ఎవరికైనా మోకాలు పట్టేస్తే ఎక్కించుకోవచ్చు" అన్నారు డాక్టరు గారు.

"అది బండ్లు రాని దారండీ" అన్నాను.

"అందుకే కదా, మన వ్యాను హ్యాపీగా వస్తుంది!"

హ్యాండిల్‌కి స్పీకరు కట్టుకుని భక్తిగీతాలు పెట్టుకుందామని ఒకావిడ అంది, లేకపోతే ఆ నిశ్శబ్దంలో బెంగగా ఉంటుందట. అంత దూరం వెళ్ళి టవర్ చూడకపోతే ఎలా అని ఇంకొకరు. టవర్ వచ్చాక షాపింగ్ వచ్చింది, షాపింగ్ వచ్చాక స్విట్జర్లాండ్ వచ్చింది. మేలో మొదలైన వారం రోజుల కాలవ గట్టు జూన్ వచ్చేసరికి ఒక పూటకి కుదించుకుపోయింది. మా ఆయన్ని కెప్టెన్‌ని చేశారు. ప్రతి మార్పుకీ ఆయన చిరునవ్వుతో తల ఊపారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఇంట్లో అరిచి పోట్లాడదామంటే కింద ముగ్గురు చదువుకుంటున్నారు.

ఆదివారాలు చెరువు చుట్టూ ప్రాక్టీసు మొదలైంది. పావు చుట్టు తొక్కి ఇడ్లీలకి ఆగేవారు. బాతులు మమ్మల్ని దాటుకుని నడిచి వెళ్ళేవి. బేస్‌మెంట్ ఒంగోలు అబ్బాయి గ్యాస్ స్టేషన్‌కి సైకిలు మీద పోతూ మమ్మల్ని చూసి ఆగాడు. మంచు పడినా, వడగళ్ళు పడినా వాడికి అదే బండి. "ఆంటీ, ఏమైంది, అందరి కార్లూ రిపేరా?" అన్నాడు. ఇది హాబీ అని చెప్పాను. వాడు మర్యాదగా నమ్మినట్టు మొహం పెట్టాడు.

ఫ్రాన్స్‌కి చివరికి ఆ బృందమే వెళ్ళింది, మేం వెళ్ళలేదు. వాళ్ళు గంటసేపు సైకిళ్ళు అద్దెకి తీసుకుని, జెర్సీలు వేసుకుని, టవర్ ముందు నిలబడి ఫోటో దిగి వచ్చారు. హాల్లో స్లైడ్ షో పెట్టి, "వెరీ వెరీ క్వయెట్ ప్లేస్ అండీ!" అని డాక్టరు గారు మైకులో చెప్పారు. మేం ఎందుకు ఆగిపోయామో ఆయనకి ఏదో మోకాలి కారణం చెప్పాం. అసలు సంగతి ఇది.

జూన్‌లో ఒక శనివారం మా ఊళ్ళో ఉగాది జరిగింది. హాలు అప్పుడే దొరికింది. పచ్చడిలోకి వేపపువ్వు దొరకలేదు, హాలు దొరికింది కాబట్టి అదే ఉగాది. డాన్సులు అయ్యేసరికి బాగా ఆలస్యమై, మర్నాడు ప్రాక్టీసుకి రాలేమని పొద్దున్నే గ్రూపులో ఒకరి తర్వాత ఒకరు చేతులెత్తేశారు. నేను కిటికీ తెర తీసి చూశాను. ఎదురింటి జెండా కర్రకి అంటుకుని వేలాడుతోంది. గాలి లేదు. ఈ ఊళ్ళో గాలి లేని పొద్దు ఎన్నడో గాని రాదు. మా ఆయన్ని లేపి, సైకిళ్ళు కారు వెనక కట్టించి, ఊరి బయట చేల మధ్య దిగాను.

గోధుమ అప్పుడప్పుడే మోకాలెత్తు లేస్తోంది. కంకర రోడ్డు చూసి ఆయన ఇంజనీరు మొహం పెట్టారు. పక్కపక్కన తొక్కడం మొదలుపెట్టాం. ఒక పిట్ట కంచె మీద కూర్చుని కూసింది, అది తప్ప ఇంకే చప్పుడూ లేదు. నేను కలలుగన్న ఫ్రాన్సు నా కళ్ళెదుట ఉంది, ఉచితంగా.

మామూలు గొంతుతో మొదలుపెట్టాను. నిన్నటి పులిహోరలో ఉప్పు లేదన్నాను. ఆయన తల ఊపారు. డాక్టరు గారి ఉపన్యాసానికి వాళ్ళావిడే నిద్రపోయిందన్నాను. చిరునవ్వుతో తల ఊపారు. నాకు గుండెల్లో చిన్న అనుమానం కదిలింది. ముందుకే చూస్తూ, అదే గొంతుతో, "నిన్న మన ఇల్లు అమ్మేశానండీ" అన్నాను.

"మంచి పని చేశావ్" అన్నారు.

నేను సైకిలు ఆపేశాను. ఆయన కాస్త ముందుకి పోయి, నేను పక్కన లేనని చూసుకుని, ఆగి వెనక్కి తిరిగారు. నా మొహం చూశారు. నేనేం అన్నానో ఆయనకి తెలియదు, కానీ ఏం జరిగిందో తెలిసిపోయింది. సైకిలు నడిపించుకుంటూ నా దగ్గరికి వచ్చారు.

"ఏమోయ్, ఆ డాక్టర్‌ని నేను మాటవరసకి పిలవలేదు. వస్తాడనే పిలిచాను" అన్నారు. తన గొంతు తనకే అందదు కాబట్టి ఆయన ఏది చెప్పినా పెద్దగానే చెప్తారు.

ఎందుకని చేత్తో అడిగాను.

"ఇక్కడ వినపడకపోతే స్టూడెంట్స్ గోల అంటాను, హాలు అంటాను, టీవీ అంటాను. ఎవడో ఒకడి మీద తోసేస్తాను. నువ్వు అంత కష్టపడి వెతికిన ఆ దారిలోకి వెళ్ళాక కూడా వినపడకపోతే? అప్పుడు తోసెయ్యడానికి ఎవడున్నాడు?"

నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అలవాటు కొద్దీ ముందు కోపమే వచ్చింది. ఇన్ని నెలలు నేను మ్యాపుల మీద కళ్ళు పొడుచుకుంటుంటే ఈయన తన చెవులకి కాపలాగా ఇరవై మందిని పోగేశారన్నమాట. చడామడా తిడదామని నోరు తెరిచి, అలవాటుగా చుట్టూ చూశాను, ఎవరైనా వింటారేమోనని. నాలుగు వైపులా ఆకాశం నేలని ఆనేదాకా ఒక్క మనిషి లేడు. కింద బేస్‌మెంట్ లేదు. గోడ అవతల ఎవరూ లేరు.

అప్పుడు అరిచాను. ఇన్నేళ్ళు క్లాసులో చివరి బెంచీకి పాఠం చెప్పిన గొంతు, అది ఎక్కడికి పోతుంది?

"మీ చెల్లెలికి ఆ నెక్లెసు చచ్చినా ఇవ్వను!" అని అరిచాను.

ఆయన ఉలిక్కిపడ్డారు. "ఇవ్వకు! నేనెప్పుడు ఇమ్మన్నాను?" అని ఆయనా అరిచారు.

ఇక ఆగలేదు. ఇన్నాళ్ళూ చెవిలో చెప్పుకోవలసినవని దాచుకున్నవన్నీ గోధుమ చేలకి వినపడేలా చెప్పాను. సిగ్గు వేసే మాటలు కూడా ఉన్నాయి, అవీ అరిచాను. ఆయనకి అందకపోతే మళ్ళీ అరిచాను. ఊపిరి అందక ఆగి, ఇంట్లో ఏ గొంతుతోనూ ఎప్పుడూ అడగలేనిది అడిగాను.

"మీరు ముందు పోతే నేనేం చేయాలి? ఎప్పుడైనా ఆలోచించారా?"

ఆయన తల ఊపలేదు. "రోజూ ఆలోచిస్తాను!" అని అరిచారు. "సర్రీ వెళ్ళిపో, అమ్మాయి దగ్గరికి!"

"అక్కడ అస్తమానం వాన! నాకు పడదు!"

"మరి నేను పోను!"

నేను ఏడుస్తున్నాను, ఆయనా ఏడుస్తున్నారు, ఇద్దరం అరుస్తూనే ఉన్నాం. ఆ రోడ్డు మీద ఆ పొద్దున వచ్చిన ఒకే ఒక్క బండి అప్పుడే వచ్చింది, ఒక రైతు పికప్ ట్రక్కు. అతను మా పక్కన ఆపి, అద్దం దించి, ఒకసారి ఆయన్నీ ఒకసారి నన్నూ చూసి, ఏమైనా ఇబ్బందా, ఎవరినైనా పిలవమంటారా అని మెల్లగా అడిగాడు.

"ఏం లేదు, మా ఆయనతో మాట్లాడుతున్నాను" అన్నాను. గొంతు తగ్గించడం మర్చిపోయి అతనికి కూడా అరిచే చెప్పాను.